పెద్దకాపు కిర్రు

సామ్యేలుకు చెప్పులంటే కిట్టదు. ఊరందరికీ చెప్పులు కుట్టిపెట్టే మనిషి తన కాలికి మాత్రం తోలు తగలనివ్వడు. వేసవి మధ్యాహ్నం వీధిలో పలకరాయి పెచ్చులు పెనంలా కాలుతున్నా, చేలగట్ల మీద తుమ్మముళ్ళు పరుచుకుని ఉన్నా ఉత్త కాళ్ళతోనే నడుస్తాడు. మార్కాపురం మిషను దొరసాని ఒకసారి జాలిపడి తన భర్త పాత బూట్లు చేతికిస్తే, దండం పెట్టి తీసుకుని, ప్రార్థన మందిరం గడప పక్కనే వదిలేసి వచ్చాడు. ఎందుకయ్యా అని ఎవరైనా అడిగితే, చిన్నప్పటి నుంచీ కిట్టదు, కాలు మండుతుంది అంటాడు. అందరూ నమ్మారు. నమ్మనిది భార్య కరుణమ్మ ఒక్కతే. ఆమె కూడా పైకి అనదు.

పెద్దకాపు లక్ష్మీనరసయ్యకు చెప్పులంటే ప్రాణం. అందులోనూ కిర్రు చెప్పులు. అడుగున అట్టకూ అట్టకూ మధ్య ఎండిన తోలు ముక్కలు పేర్చి కుడితే, అడుగు వేసినప్పుడల్లా కిర్రు కిర్రుమని పలుకుతాయి. ఆ ఊళ్ళో ఆ పలుకు ఆయన ఒక్కడిదే. ఇంకొకరు కుట్టించుకోకూడదు. కిర్రు వినపడిందంటే అరుగుల మీది రైతులు లేచి నిలబడాలి, కాళ్ళకు చెప్పులుంటే విడవాలి, తల వంచాలి. ఆయన దాటిపోయేదాకా తలెత్తి మొహం చూడటం మర్యాద కాదు. ఇది ఆయన తాత నాటి నుంచీ వస్తున్న ఏర్పాటు. నిజం చెప్పాలంటే, మొహం చూడకుండా లేచే ఆ ఊరు ఇన్నేళ్ళూ దండం పెట్టింది మనిషికి కాదు, చెప్పులకు.

ఏటా వేసవి మొదట్లో సామ్యేలు ఆయనకు కొత్త జత కుట్టివ్వాలి. కూలి కింద కళ్ళం దగ్గర గింజలు కొలుస్తారు. పాదం ముట్టుకోకూడదు గనుక కొలత తీయడానికి ఒక పద్ధతి ఉంది. జీతగాడు మెట్టు కింద ఇసుక పోసి నీళ్ళు చల్లుతాడు. పెద్దకాపు దిగివచ్చి రెండు కాళ్ళూ ఇసుకలో అద్ది, వెళ్ళి అరుగు మీద కూర్చుంటాడు. అప్పుడు సామ్యేలు ఆ అచ్చుల ముందు గొంతుక్కూర్చుని జొన్నపుల్లతో పొడవూ వెడల్పూ చూసి పుల్లలు విరుచుకుంటాడు. ఆ సోమవారం పొద్దున అతను అట్లా కూర్చుని ఉండగానే వీధి మలుపులో నుంచి సంతోషమ్మ వచ్చింది.

సంతోషమ్మ అతని కూతురు. మార్కాపురంలో మిషను వాళ్ళ దగ్గర ఉండి చదువుకుని, పంతులమ్మ పరీక్ష ప్యాసై ఊరికి వచ్చింది. బడి ఊరికి అవతలి కొసన, మార్కాపురం బాట పక్కన. మాదిగపల్లె నుంచి అక్కడికి పోవాలంటే పెద్దకాపు వీధి దాటాలి, లేదంటే వాగులోకి దిగి కంపచెట్ల మధ్య చుట్టు తిరగాలి. వాగు దారినే పొమ్మని ముందురోజు సామ్యేలు చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. ఆ మాట కన్నబిడ్డతో అనడం అతనికి చేతకాలేదు. మొదటి రోజు ఆలస్యం కాకూడదని ఆ పిల్ల నున్నగా తల దువ్వుకుని, తెల్లచీర కట్టుకుని, మార్కాపురం బజారులో కొన్న చెప్పులతో నేరుగా వీధినే వచ్చింది.

"ఎవురా పిల్ల?" అన్నాడు పెద్దకాపు తమలపాకు ఈనె తీస్తూ.

పక్కన నిలబడ్డ తలారి కొండయ్య, మన సామేలు కూతురేనని, పంతులమ్మగా వచ్చిందని చెప్పాడు.

"పంతులమ్మ అయితే కానీ. చెప్పులు చేత పట్టుకోని పొమ్మను."

గొంతు కూడా పెంచలేదు. ఆకుకు సున్నం రాసుకుంటూనే అన్నాడు. కొండయ్య కర్ర అడ్డం పెట్టాడు. సంతోషమ్మ మొదట అర్థంకానట్టు కర్రను చూసింది, తరువాత తండ్రి వైపు చూసింది. ఆ చూపు తన వీపు మీద పడటం సామ్యేలుకు తెలుసు. అతను తల ఎత్తలేదు. ఇసుకలో పెద్దకాపు మడమ గుంటను చూస్తూ, కొలిచిన చోటే మళ్ళీ కొలిచాడు. చేతిలో పుల్ల విరిగింది. చెప్పులు విడిచిన చప్పుడు వినపడింది. తరువాత ఉత్త కాళ్ళు పలకరాయి పెచ్చుల మీద తడబడుతూ వీధి చివరిదాకా పోవడం వినపడింది.

"కొలత అయిందా సామేలూ?" అన్నాడు పెద్దకాపు.

"అయింది అయ్యా," అన్నాడు సామ్యేలు.

సాయంత్రం సంతోషమ్మ వాగు దారిన ఇల్లు చేరింది. బొటనవేలి కింద పలకపెచ్చు కోసిన గాటు ఉంది. కరుణమ్మ ఆముదంలో పసుపు కలిపి గుడ్డ కట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే సామ్యేలుకు కాస్త తేలికయ్యేది.

"నెలాఖరుకు దొరసాని వస్తుంది గదా నాయనా. అడిగి వేరే ఊరికి మార్పించుకుంటా," అంది. కాలికి కట్టిన గుడ్డ సర్దుకుంటూ, "నువ్వు ఆ పుల్ల పారేసి తల ఎత్తుతావేమోనని చూసినా," అంది.

సామ్యేలు లేచి దొడ్లోకి పోయి, తోలు పదునుకు తంగేడు చెక్క నానబెట్టిన తొట్టి పక్కన కూర్చున్నాడు. కరుణమ్మ వెనకనే వచ్చింది.

"పిల్లకు చెప్తే పోలా," అంది.

"ఏం చెప్పాల?"

"మన పెండ్లినాడు ఏం జరిగిందో."

ఆ మాట ఆ ఇంట్లో ఆమె అనడం అదే మొదలు. పెళ్ళినాడు సామ్యేలు తన చేత్తో కుట్టుకున్న ఎర్రతోలు చెప్పులు తొడుక్కుని, కురిచేడు వైపు నుంచి తెచ్చుకున్న పెళ్ళికూతురి పక్కన పెద్దకాపు వీధిలో నడిచాడు. అప్పటికి పడుచువాడైన లక్ష్మీనరసయ్య ఆ చెప్పులు అతని నెత్తిన పెట్టించి, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాడు. పెళ్ళికూతురు కొంగు నోట్లో కుక్కుకుని వెనకనే నడిచింది. చెప్పులు కిట్టకపోవడం ఆనాటి నుంచి. తొడుక్కోనివ్వలేదని చెప్పుకోవడం కన్నా, కిట్టదని చెప్పుకోవడం మగవాడికి సులువు.

"చెప్పను," అన్నాడు సామ్యేలు. "తీర్చుకుంటా."

మంగళవారం దున్నపోతు తోలు బయటికి తీసి అట్టలు కోశాడు. కొలత పుల్లలు పక్కన పెట్టుకుని, తోలు కోసే రంపెతో అంచులు చెక్కాడు. ఆ పాదం అతనికి తన పాదం కన్నా బాగా తెలుసు. మడమ మెత్తన, చిటికెనవేలు లోపలికి తిరిగి ఉంటుంది. ఎక్కడ ఏం పెడితే ఎప్పటికి పైకి తేలుతుందో కూడా తెలుసు. తుమ్మముల్లు ఒకటి ఏరి, మడమ కింద రెండు అట్టల నడుమ పడుకోబెట్టాడు. అట్ట అరిగేకొద్దీ అది లేస్తుంది. వానలు పడేనాటికి మడమ చీము పడుతుంది. పెద్దకాపు మంచం మీద కాలు చాపుకుని మూలుగుతుంటాడు. అక్కడిదాకా ఆలోచించేసరికి సామ్యేలుకు కడుపులో చల్లగా అనిపించింది. ప్రార్థనకు పోయేవాడికి ఇట్లాంటి ఆలోచన తగదని తెలుసు. తగకపోయినా చల్లగానే ఉంది.

మరునాడు ఆ ముల్లు తనే పీకేశాడు. జాలిపడి కాదు. ముల్లు దిగితే పెద్దకాపు కుంటుతాడు, ఎవరో ఆకుపసరు కడతారు, మానిపోతుంది. వీధికి ఏం తెలుస్తుంది? తన నెత్తికి చెప్పులెక్కించింది వీధి చూస్తుండగా. కూతురి చేత విప్పించింది వీధి చూస్తుండగా. తీర్చుకోవడమంటూ ఉంటే దాన్నీ వీధి చూడాలి. ఎట్లా చూపించాలో మాత్రం తోచలేదు. సంతోషమ్మ రోజూ వాగు దారినే పోయింది. రోజూ చీర అంచున పట్టిన ముళ్ళు ఏరుకుంటూ వచ్చింది. బడిలో జార్జిరాజు పటం కింద పిల్లలు తన కన్నా ముందు వచ్చి కూర్చుంటున్నారని, పంతులమ్మ ఆలస్యంగా వస్తే వాళ్ళకేం చెప్పగలదని తల్లితో అంది. ట్రంకుపెట్టె తెరిచి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దునకు కుట్టడం అయిపోయింది. ఇక కిర్రు పలుకు చూడాలి. తొడుక్కుని చూసే మనిషి కాదు గనుక, చెప్పును బండ మీద పెట్టి, రెండు అరచేతులతో మడమ నుంచి వేళ్ళదాకా వంచి అదిమాడు. కిర్రుమంది. రెండోది అదిమాడు. ఒకదాని తరువాత ఒకటి, మనిషి నడకలాగా అదుముతుండగా కంచె అవతల కర్ర పడిన చప్పుడైంది.

తలారి కొండయ్య. చుట్ట కాలుస్తూ పల్లెలోకి వచ్చినవాడు చుట్ట పారేసి, తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని, చెప్పులు విడిచి, నేలచూపులతో నిలబడి ఉన్నాడు. ఎదుట ఎవరూ లేరు. కిర్రు ఆగిన తరువాత కూడా కాసేపు అట్లాగే నిలబడ్డాడు. ఆ తరువాత మెల్లగా తలెత్తి, కంచె సందులో నుంచి సామ్యేలునూ అతని చేతిలోని చెప్పునూ చూశాడు.

"నువ్వట్రా," అన్నాడు. "అయ్య వచ్చినాడనుకున్నా."

చుట్ట వెతికి తీసుకుని, చెప్పులు ఎప్పుడిస్తావో అయ్య కనుక్కొని రమ్మన్నాడని చెప్పి, మళ్ళీ మొహం చూపించకుండా వెళ్ళిపోయాడు. సామ్యేలు ఆ చెప్పు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కరుణమ్మ పొయ్యి దగ్గర నుంచి తొంగి చూస్తే, మొగుడు తనలో తను నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వు ఆమెకేమీ నచ్చలేదు.

శుక్రవారం సామ్యేలు పెద్దకాపు జత తీసుకుపోయి, మెట్టు ముందు నేల మీద పెట్టి దూరంగా జరిగాడు. పెద్దకాపు తొడుక్కుని వీధి పొడుగునా తిరిగి వచ్చాడు. అరుగులన్నీ లేచాయి, తలలన్నీ వంగాయి. "బాగా పలుకుతుండాయిరా," అని మెచ్చుకున్నాడు. సామ్యేలు ఇంటికి వచ్చి, అదే తోలులో మిగిలిన ముక్క తీసి, ఇంకో జతకు అట్టలు కోశాడు. ఈసారి కొలత తన కాలిది. ఆ వీధిలో తనే నడవాలి. పెద్దకాపు నడకను కాళ్ళకు కట్టుకుని, లేచి నిలబడ్డ వాళ్ళ మధ్య నుంచి ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. నెత్తిన చెప్పులతో నడిచిన దారి అదే. శనివారం ఎండ వాలేసరికి కుట్టడం ముగించి, కరుణమ్మను అటు తిరిగి నిలబడమని చెప్పి అదిమాడు. ఆమె ఉలిక్కిపడి కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంది. సరిగ్గా అదే పలుకు.

అప్పుడు తొడుక్కున్నాడు. తొడుక్కోబోయాడు. పట్టెలో కాలు దూరలేదు. కొలత తప్పిందా అంటే, తప్పలేదు. ఇన్నేళ్ళు నేలను పట్టుకుని నడిచిన పాదం, అదిమినకొద్దీ వెడల్పై వేళ్ళు విచ్చుకుపోయింది. బలవంతాన దూర్చితే బొటనవేలి సందులో తోలు కోసింది. లేచి అడుగు వేస్తే కింద నేల ఉందో లేదో తెలియలేదు. కళ్ళు కనపడనివాడిలా చేతులు చాచి, తూలి, తొట్టి అంచు పట్టుకుని నిలిచాడు. కాళ్ళు మండిపోయాయి. కిట్టదని, మండుతాయని ఇన్నేళ్ళూ ఊరికి అబద్ధం చెప్పాడు. ఎప్పుడో, అతనికి తెలియకుండానే, ఆ అబద్ధం నిజమై కూర్చుంది. చెప్పులు తొడుక్కునే కాళ్ళను కూడా పెద్దకాపు ఆనాడే లాగేసుకున్నాడు. సామ్యేలు తొట్టి పక్కన కూలబడి, పళ్ళు కొరుకుతూ, కోపంతో ఏడ్చాడు.

తరువాత మొహం కడుక్కుని కూతుర్ని పిలిచాడు. "కాలు ఇట్ల పెట్టమ్మా," అన్నాడు.

ఇసుక పోయలేదు, పుల్ల తీయలేదు. ఆమె పాదం ఎత్తి తన తొడ మీద పెట్టుకుని జానతో కొలిచాడు. బొటనవేలి కింద గాటు ఇంకా పచ్చిగానే ఉంది. తన కొలతకు కుట్టుకున్న చెప్పుల కుట్లు విప్పి, అట్టల్ని రంపెతో చుట్టూ చెక్కడం మొదలుపెట్టాడు. తన పాదం మేర తోలంతా పెచ్చులుగా ఒళ్ళో పడింది. చెక్కుతూనే పెళ్ళినాటి సంగతి చెప్పాడు, తల ఎత్తకుండా. కొండయ్య చుట్ట పారేసి కంచెకు దండం పెట్టిన సంగతీ చెప్పాడు. దానికి సంతోషమ్మ గట్టిగా నవ్వింది. నవ్వు ఆగాక చెప్పుల వైపు చూసింది.

"కొడితే?" అంది.

"నీ వెనకనే వస్తా. ఈసారి తల ఎత్తుకోనే వస్తా."

ఆదివారం పని ముట్టుకోకూడదు. ప్రార్థన నుంచి వచ్చి, తలుపు వేసుకుని, మిగిలిన కుట్లన్నీ వేశాడు.

పెద్దకాపు వీధి మొదట్లో ఓబులేసు అనే రైతు పశువుల కొట్టం అడ్డం వస్తుంది. అక్కడ మలుపు. అవతల నుంచి వచ్చే మనిషి కనపడడు, చప్పుడు మాత్రం ముందు వస్తుంది. సోమవారం పొద్దున ఓబులేసు అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. కిర్రు కిర్రుమని వినపడగానే లేచాడు. పగ్గం జారి కింద పడింది. పక్క అరుగు లేచింది, ఎదుటి అరుగు లేచింది. వేపపుల్ల నములుతున్నవాడు ఉమ్మేసి లేచాడు. చెప్పులున్నవాళ్ళు విడిచారు. మర్యాద తెలిసినవాళ్ళు గదా, అందరూ తలలు వంచారు. వంచిన తలలకు మొదట తెల్లచీర అంచు కనపడింది, తరువాత గుడ్డ కట్టిన బొటనవేలు కనపడింది.

కనపడినా ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. వెంటనే కూర్చుంటే, ఇంతదాకా నిలబడింది ఎవరికో ఒప్పుకున్నట్టు. నిలబడితే నిలబడ్డట్టే. వీధి వీధికంతా గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. సంతోషమ్మ తొందరపడలేదు. సంచి భుజాన సర్దుకుని, ఒక తీరున అడుగులు వేసింది. వెనక సామ్యేలు, ఉత్త కాళ్ళతో, ఒక్కొక్క మొహమే చూసుకుంటూ నడిచాడు. ఆ మొహాలను అంత తీరుబడిగా అతను ఎన్నడూ చూడలేదు.

తన కిర్రు తను లేకుండా వీధిలో నడవడం ఏమిటని పెద్దకాపు బయటికి వచ్చాడు. ఆయన చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. అరుగు మీద నిలబడి చూస్తే, వీధి అంతా చెప్పులు విడిచి తలలు వంచుకుని పంతులమ్మకు నిలబడి ఉంది, తలారి కొండయ్యతో సహా.

"ఎవురే కుట్టింది అవి?" అన్నాడు.

"మా నాయన," అంది సంతోషమ్మ ఆగి. "మీకు కుట్టిన చేత్తోనే."

విప్పమనడానికి ఆయన నోరు తెరిచాడు. విప్పమంటే, ఇంతమంది లేచింది ఎవరికో తేలాలి. అది తేలితే వారం తిరిగేలోపు మార్కాపురం దాకా నవ్వుకుంటారు. ఆయన ఓబులేసు వైపు చూశాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేచినవాడిలా ఓబులేసు మోకాలు రుద్దుకున్నాడు. ఆ పక్కవాడు ఒళ్ళు విరుచుకున్నాడు. ఎవరూ ఎవరికీ లేవలేదు, ఎవరూ ఏమీ చూడలేదు. పెద్దకాపు నోరు మూసుకున్నాడు. సంతోషమ్మ బడికి పోయింది. ఆ కిర్రు వీధి చివరిదాకా వినపడుతూనే ఉంది.

మధ్యాహ్నానికి కొండయ్య కబురు తెచ్చాడు. ఈ యేడు కళ్ళంలో సామ్యేలుకు గింజ లేదు. కరుణమ్మ తల పట్టుకుని కూర్చుంది. బావుల మీద నీళ్ళు తోడే తోలు బొక్కెనలు చినిగితే ఎవరు కుడతారో కూడా అయ్యనే చెప్పమని సామ్యేలు తిరుగు కబురు పంపాడు.

అసలు దెబ్బ ఆ సాయంత్రం నుంచి మొదలైంది. పెద్దకాపు కొత్త చెప్పులు కిర్రుమనిపిస్తూ వీధిలోకి వస్తే, అరుగుల మీదివాళ్ళు లేవడానికి ముందు తలెత్తి చూశారు. వచ్చేది ఎవరో తేల్చుకుని అప్పుడు లేచారు. మర్యాదంతా మొహం చూడకుండా లేవడంలోనే ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది. మంగళవారం కూడా అంతే. బుధవారం నాడు ఓబులేసు లేవనూ లేదు, తల తిప్పనూ లేదు. పగ్గం పేనుతూ కూర్చున్నాడు. పెద్దకాపు వచ్చి ఎదురుగా నిలబడి, కాళ్ళు పడిపోయినాయా అని అడిగాడట.

"పంతులమ్మ అనుకున్నా మామా," అన్నాడట ఓబులేసు.

వెటకారానికి కాదు, నిజంగానే అనుకున్నాడు. అదే పెద్దకాపుకు తల కొట్టేసినట్టయింది. ఎదుటి అరుగు మీద ఎవరో తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నారట. ఈ సంగతంతా కొండయ్యే వచ్చి, ఎవరూ అడగకుండానే, కంచె పక్కన నిలబడి చెప్పిపోయాడు. సామ్యేలు చేతిలో పని ఆపకుండా విన్నాడు. రెండోసారి కూడా చెప్పించుకున్నాడు.

శుక్రవారం ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు సామ్యేలు పందిరి కింద కూర్చుని తోలు తడుపుతున్నాడు. తొట్టి నీళ్ళు ఒలికి వాకిలంతా తడిగా ఉంది. చప్పుడు లేకుండా ఎదుట నీడ పడితే తలెత్తాడు. పెద్దకాపు. వెంట ఎవరూ లేరు. ఉత్త కాళ్ళతో, చెప్పులు చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు. పంచె అంచు నిండా కంపముళ్ళు పట్టి ఉన్నాయి. వీధిన రాలేదు, వాగు దారిన వచ్చాడు.

"కిర్రు తీసెయ్రా," అన్నాడు ఎటో చూస్తూ.

అలవాటు కొద్దీ సామ్యేలు మోకాళ్ళు లేవబోయాయి. చేతులతో అదిమిపెట్టుకుని కూర్చున్నాడు.

"ఆడ పెట్టండయ్యా," అని కొంచెం దూరంలో నేల చూపించాడు. ఇన్నేళ్ళూ తనకు చూపించిన దూరమే. పెద్దకాపు వంగి చెప్పులు నేల మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

సామ్యేలు ఒకటి అందుకుని అటూ ఇటూ వంచి చూశాడు. కిర్రుమంది. ఎంత బాగా కుట్టాడో, తనకే ముచ్చటేసింది. కుట్లన్నీ విప్పాలని, మళ్ళీ తడిపి ఆరబెట్టాలని, ఎల్లుండికి గానీ కాదని చెప్పాడు. మళ్ళీ గుర్తొచ్చినట్టు, ఎల్లుండి ఆదివారం గదా, పని ముట్టుకోకూడదన్నాడు.

"సోమవారం రాండయ్యా."

"అందాకా?"

పెద్దకాపు ఇంట్లో ఉన్న పాత జతలన్నీ కిర్రువేనని ఇద్దరికీ తెలుసు. సామ్యేలు బెల్లం రంగుకు తిరిగి, పగిలి, వేళ్ళు విచ్చుకుపోయిన తన పాదాల వైపు చూశాడు. పెద్దకాపు కూడా వాటినే చూశాడు. చాలాసేపు చూసి, తిరిగి వాగు వైపు నడిచాడు. తడి దాటి ఎండిన నేల మీద అడుగు పెట్టగానే కాలి, గబగబా అడుగులు మార్చాడు. పిలిచి నీడన కూర్చోమనవచ్చు, మంచినీళ్ళు ఇవ్వవచ్చు. సామ్యేలు పిలవలేదు. కంపల మధ్య ఆ తెల్ల పంచె కనపడినంతసేపూ కళ్ళారా చూశాడు.

వాకిట్లో తడి మట్టి మీద అచ్చులు పడి ఉన్నాయి. మడమ మెత్తగా దిగబడింది, చిటికెనవేలు లోపలికి తిరిగి ఉంది. ఒక అచ్చు మధ్యలో చిన్న నెత్తుటి మరక. ఎండ వాలాక కరుణమ్మ పొరక పట్టుకుని వచ్చింది.

"ఊడవొద్దు," అన్నాడు సామ్యేలు.

"ఎందుకంట?"

"పిల్ల వచ్చి చూడనీ."

కరుణమ్మ ఆ అచ్చుల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. పొరక గోడకు ఆనించి, లోపలికి పోయి, కూతురి ట్రంకుపెట్టెలో బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. సాయంత్రం వీధి వైపు నుంచి కిర్రు వినపడింది. పల్లెలోకి మళ్ళి దగ్గరికొచ్చింది. సామ్యేలు చేతిలో తోలు కింద పెట్టి, లేచి నిలబడ్డాడు. తల మాత్రం వంచలేదు.